బూచాడు ఎవడు?

భావనపాడు ఒడ్డున గుంటలు అన్నం తినకపోతే తల్లులు ఒకటే మాటంటారు: "అదిగో సాయిబొస్తన్నాడు, సంచిలో ఏసుకుపోతాడు." ఆ సాయిబులం మేమే. శ్రీకాకుళం జిల్లాలో నూటికి ఒక్కరం కూడా లేము. అయినా ఇంటింటి భయంలోనూ ఉన్నాం. అందుకే దయ్యాల సినిమా మాకు వట్టి కాలక్షేపం కాదు.

ఆ తల్లే బిడ్డకు జ్వరమొస్తే మగ్రిబ్ నమాజు వేళకు మసీదు గుమ్మం దగ్గర నిలబడుతుంది. దువా చదివి ఊదమంటుంది. పగలు బూచాళ్లం, పొద్దుగూకితే మందు. ఎప్పటికి మనుషులం అవుతాం?

యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు మా ఇళ్లలోనూ చదివారు. రంగనాయకమ్మ దాన్ని చీల్చి చెండాడారు. ఆమె కోపంలో న్యాయముంది. అయినా ఒకటి ఒప్పుకుంటాం. పసిపిల్లను పీడిస్తున్నది రోగమా, చేతబడా అన్న సందేహాన్ని ఆ నవల బతకనిచ్చింది. వైద్యుడికీ చోటిచ్చింది, మాంత్రికుడికీ చోటిచ్చింది.

దాని కొనసాగింపు 'తులసి'ని ఎన్.బి. చక్రవర్తి 1986లో 'కాష్మోరా'గా తీశారు. రాజేంద్రప్రసాద్, రాజశేఖర్, భానుప్రియ, శరత్‌బాబు. నటులకేం తక్కువ? తక్కువైంది సందేహమే. పుస్తకంలో పాఠకుడి బుర్రలో జరిగిన పోరు తెరమీద అరుపులకూ పొగకూ దిగిపోయింది. భయం చాలలేదని ఎవరైనా పెదవి విరిస్తే విరవనివ్వండి. మా బాధ అది కాదు.

ఈ ఉత్తరాంధ్రలో చిల్లంగి పెట్టారన్న నింద మీద మనుషుల్ని కొట్టి చంపిన సంగతులు మీకు తెలియవా? చచ్చిందెవరు? ముసలివాళ్లు, ఆదివాసులు, వెనక ఎవరూ లేనివాళ్లు. రాయెత్తిన చేతికి 'రోగమేమో' అన్న ఒక్క ఆలోచన అడ్డుపడితే ఓ ప్రాణం నిలుస్తుంది. ఆ ఒక్క ఆలోచననే సినిమా తీసి పారేసింది.

2008లో రాంగోపాల్ వర్మ హిందీలో చేతబడి సినిమా తీసి 'ఫూంక్' అని పేరు పెట్టారు. కథ 'తులసిదళా'న్ని గుర్తుకు తెచ్చింది. అదే ఏడు తెలుగులో 'రక్ష' అయ్యింది. ఫూంక్ అంటే మా అమ్మీ ఆయత్ చదివి బిడ్డ నుదుటి మీద ఊదే ఊపిరి. అది హిందీలో చేతబడి ఎలా అయ్యింది? దూరదేశాల సంగతీ ఇంతే. బ్లాటీ 1971 నవల మీద 1973లో వచ్చిన 'ఎక్సార్సిస్ట్' ఇరాక్‌లో, అజాన్‌తో మొదలవుతుంది. పీడ అమెరికాలో, దాని ఆనవాలు మాత్రం మా బాంగు వినిపించేచోట!

2009లో వచ్చిన 'అరుంధతి'లో ఫకీరు అన్వర్ మంచివాడే కదా అంటారు. మంచివాడే. కానీ మంచి సాయిబుకూ దయ్యాలతోనేనా పని? వల బాగుచేసే సాయిబు, బడికెళ్లే సాయిబుల పిల్ల, కరెంటు బిల్లు కట్టలేని సాయిబు మీ తెరకు పనికిరారా?

నవలలు సినిమాలు తీయండి, వద్దనం. భయపెట్టండి. కానీ భయానికి మా టోపీ, మా తావీజు, అడవిలోని ఆదివాసి మొహం అరువు తీసుకోకండి. సినిమా అయిపోయాక మీరు లైట్లు వేసుకుంటారు. మేము మాత్రం ఆ వేషంతోనే మీ వీధిలో నడవాలి. "సాయిబొస్తన్నాడు" అని మళ్లీ ఒక గుంట తల్లి కొంగులో దూరుతుంది.