పాయింట్ల పట్టిక దగ్గర పంచాయితీ



ఏటా ఐపీఎల్ మొదలైతే చాలు, మన డార్మిటరీలో నిద్ర కరువు. ఇండియాలో రాత్రి 7:30కి మొదలయ్యే ఆట మనకు 10 గంటలకు. అయ్యేసరికి ఒంటిగంట దాటుతుంది. తెల్లారకముందే లారీ ఎక్కాలి. లారీలోనూ అదే మాట: సన్‌రైజర్స్ ప్లేఆఫ్‌కు వెళ్తుందా, లేదా?

మా గదిలో కరీంనగర్ అన్నది ఒకటే లెక్క. 14 మ్యాచ్‌ల్లో 8 గెలిచి 16 పాయింట్లు తేవాలి, లేకపోతే మూట కట్టుకోవడమే అంటాడు. శ్రీకాకుళం తమ్ముడు ఒప్పుకోడు. "2019లో 12 పాయింట్లకే వెళ్లాం కదన్నా" అంటాడు.

తమ్ముడి మాట నిజమే. ఆ ఏడు హైదరాబాద్, కోల్‌కతా, పంజాబ్ మూడూ 12 పాయింట్ల దగ్గరే ఆగాయి. నెట్ రన్‌రేట్ ఎక్కువ కాబట్టి నాలుగో చోటు మనకు దక్కింది. తర్వాత వైజాగ్‌లో ఢిల్లీ చేతిలో 2 వికెట్ల తేడాతో ఓడిపోయాం, అది వేరే సంగతి.

ఈ రన్‌రేట్ దగ్గరే చాలామంది తికమక పడతారు. సీజన్ మొత్తంలో మనం ఓవరుకు ఎన్ని పరుగులు చేశామో చూసి, అందులోంచి ఎదుటివాళ్లు మన మీద ఓవరుకు ఎన్ని చేశారో తీసేస్తారు. మెలిక ఒకటుంది. 12 ఓవర్లలోనే 100కు ఆలౌటైతే 12తో కాదు, 20తో భాగిస్తారు. అంటే ఓవరుకు 5 పరుగులే. ఎదుటివాళ్లు 10 ఓవర్లలో కొట్టేస్తే వాళ్లది ఓవరుకు 10 పైమాటే. నెల్లాళ్లు కూడబెట్టింది ఒక్క రాత్రిలో పోతుంది.

పోనీ పట్టిక చూసి జాతకం చెప్పగలమా? 2008లో డెక్కన్ ఛార్జర్స్ 14 ఆటల్లో 2 గెలిచి అట్టడుగున పడింది. అదే జట్టు 2009లో జొహానెస్‌బర్గ్‌లో బెంగళూరును 6 పరుగులతో ఓడించి కప్పు ఎత్తింది. సన్‌రైజర్స్ 2023లో ఆఖరి స్థానం, 2024లో ఫైనల్.

ఆ ఫైనల్ సంగతే చెప్పాలి. అదే సీజన్‌లో బెంగళూరు మీద 287 కొట్టిన జట్టు కదా, కోల్‌కతా ఎంత అనుకున్నాడు మా బ్లాకులో ఒకాయన. ఇంటికి పంపాల్సిన 800 డాలర్లు ఫోన్లో ఎవరికో పందెం కాశాడు. మే 26 రాత్రి మనవాళ్లు 113కే ఆలౌట్. కోల్‌కతా 11 ఓవర్లు కూడా ఆడకుండానే గెలిచేసింది. జీతం ఇంకా పడలేదని భార్యకు అబద్ధం చెప్పాడు. కూతురి స్కూలు ఫీజు మేం తలా కొంత వేసుకుని పంపాం. ఆ అప్పు తీర్చడానికి ఆయనకు నాలుగు నెలలు ఓవర్‌టైం పట్టింది.

ఇక్కడి చట్టం కూడా గట్టిది. 2022 నాటి జూద నియంత్రణ చట్టం ప్రకారం లైసెన్సు లేనివాళ్ల దగ్గర పందెం కాస్తే 10,000 డాలర్ల వరకు జరిమానా, 6 నెలల వరకు జైలు, లేదా రెండూ.

వాదించుకుందాం, గొంతు పోయేదాకా. ఓడినవాడు ఆదివారం టెక్కాలో టీ తాగించాలి. అంతకు మించి వద్దు.

వచ్చే వారం కలుద్దాం.