మధ్యమధ్య లేచి వెళ్తూ చూసిన సినిమాలు

ఈమధ్య ఇంట్లో కూర్చుని కొన్ని సినిమాలు చూశాను. కూర్చుని అన్నానే గానీ అది పూర్తిగా నిజం కాదు. ‘ది గ్రేట్ ఇండియన్ కిచెన్’ అనే మలయాళ సినిమా నిడివి వంద నిమిషాలు. దాన్ని పూర్తి చేయడానికి నాకు రెండు రోజులు పట్టింది. కుక్కర్ కూత పెట్టిందని ఒకసారి లేచాను. పాలవాడికి డబ్బులివ్వడానికి ఒకసారి, పప్పులో పోపు వేయడానికి ఇంకోసారి లేచాను. నన్నెవరూ లేవమనలేదు. ఇంట్లో ఇంకో ముగ్గురున్నారు, ముగ్గురికీ కాళ్ళున్నాయి. అయినా నేనే లేచాను. పాతికేళ్ళుగా స్త్రీల హక్కుల గురించి మాట్లాడుతూ, రాస్తూ, సభల్లో ఉపన్యాసాలిస్తూ తిరుగుతున్న మనిషిని. తెరమీద ఆ అమ్మాయి అంట్లు తోముతుంటే చూస్తూ, దాన్ని ఆపి నేను అంట్లు తోమడానికి వెళ్ళాను. ఈ సంపాదకీయం అక్కడ మొదలైంది.

జియో బేబీ దర్శకత్వంలో 2021 జనవరిలో వచ్చిన ఈ సినిమా థియేటర్లకి రాలేదు. నీస్ట్రీమ్ అనే చిన్న వేదిక మీద నేరుగా ఇళ్ళకే వచ్చింది. ఆ తర్వాత కేరళ ప్రభుత్వం ఉత్తమ చిత్రంగా అవార్డు కూడా ఇచ్చింది. కథ చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు. నాట్యం నేర్చుకున్న ఒక అమ్మాయికి పెళ్ళవుతుంది. అత్తగారింటికొస్తుంది. వండుతుంది, వడ్డిస్తుంది, ఎంగిలి తీస్తుంది, తోముతుంది, తుడుస్తుంది. మర్నాడు మళ్ళీ వండుతుంది. సినిమాలో ఆమెకు పేరు కూడా పెట్టలేదు. భర్తకీ లేదనుకోండి, కానీ పేరు లేకపోవడం వల్ల అతనికి పోయిందేమీ లేదు.

మా అత్తయ్య నాతోపాటు చూసింది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. మలయాళం రాదు, కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలూ చదవలేదు. నేను మధ్యమధ్య చెప్పబోతే "నాకు తెలుస్తోందిలే అమ్మాయ్" అంది. నిజమే. నూనెలో ఆవాలు చిటపటలాడటానికీ, గిన్నెల చప్పుడుకీ అనువాదం ఎందుకు? ఆ సినిమాలో మామగారికి కుక్కర్లో వండిన అన్నం పడదు, కట్టెల పొయ్యి మీదే వండాలి. పచ్చడి రోట్లో రుబ్బాలి. బట్టలు మెషిన్లో వేస్తే పాడైపోతాయి, చేత్తో ఉతకాలి. ఆయన పళ్ళు తోముకునే బ్రష్షు కూడా భార్యే చేతికందించాలి. అత్తయ్య అదంతా చూసి, "పాపం, మంచివాడేనే. ఎక్కడా గట్టిగా ఒక్క మాటైనా అన్నాడా?" అంది.

ఆ మాట దగ్గర నేను సినిమా ఆపాల్సి వచ్చింది. ఈసారి పొయ్యి కోసం కాదు.

మన పత్రికల్లోనూ, కరపత్రాల్లోనూ, శిక్షణా తరగతుల్లోనూ ముప్ఫై నలభై ఏళ్ళుగా మనం గీస్తూ వచ్చిన హింస బొమ్మలో ఒక తాగుబోతు భర్త ఉంటాడు, చేతిలో కర్ర ఉంటుంది, పక్కన కిరోసిన్ డబ్బా ఉంటుంది. ఆ బొమ్మ అబద్ధం కాదు. కానీ ఈ మామగారు ఆ బొమ్మలో ఎక్కడా ఇమడడు. నెమ్మదిగా, నవ్వుతూ, "అమ్మా" అని పిలుస్తూ మాట్లాడతాడు. కోడలు ఉద్యోగానికి వెళ్తానంటే, తన భార్య కూడా ఎం.ఏ. చదివిందనీ, ఇంటి పట్టునుండి పిల్లల్ని పెంచడం అంతకన్నా గొప్ప పని అనీ ఎంతో ప్రేమగా చెప్తాడు. ఒక మనిషి ఎం.ఏ. చదువు మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఆవిరైపోతుంది. ఎవరూ చెయ్యెత్తలేదు. 2005 గృహహింస చట్టం శారీరక హింసతోపాటు లైంగిక, మాటల, మానసిక, ఆర్థిక హింసల్ని కూడా హింసగానే గుర్తించింది. అయినా ఈ అమ్మాయి రేపు మన కౌన్సెలింగ్ కేంద్రానికి వస్తే దరఖాస్తులో ఏం రాస్తాం? "మామగారు కుక్కర్ అన్నం తినరు" అని రాస్తామా? నిజం చెప్పొద్దూ, మనలో ఎంతమందిమి "సర్దుకుపోవచ్చు కదమ్మా" అనకుండా ఉండగలం?

ఇంటిపని ఎంతో లెక్కలు కూడా ఉన్నాయి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనిలో గడుపుతున్నారని తేలింది. ఆ పని చేసే మగవాళ్ళు గడిపేది 97 నిమిషాలు. 2024లో మళ్ళీ సర్వే చేస్తే 289, 88 వచ్చాయి. అయిదేళ్ళలో మనకి పది నిమిషాలు తగ్గాయి, వాళ్ళకి తొమ్మిది తగ్గాయి. పని పంచుకున్నట్టా, మిక్సీలు పంచుకున్నట్టా?

ఈ సినిమాలో నన్ను వదలని సన్నివేశం చాలామంది మాట్లాడుకున్న ముగింపు కాదు. పడకగదిలో ఆమె, కాస్త ప్రేమగా దగ్గరికి తీసుకోమని అడుగుతుంది. అతను తెల్లబోయి చూసి, నీకివన్నీ తెలుసన్నమాట అన్న ధోరణిలో మాట్లాడతాడు. ఆ పైన, అలా చేయాలంటే తనకి ఆమె మీద ఏదైనా అనిపించాలి కదా అని కొట్టిపారేస్తాడు. మనం పెళ్ళిలో అత్యాచారం గురించి మాట్లాడాం. ఆ మినహాయింపు పాత శిక్షాస్మృతిలో ఉండేది, 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా అలాగే కొనసాగింది. కానీ నొప్పిగా ఉందని చెప్పడానికి భార్య ఎంత కూడదీసుకోవాలో, చెప్పాక ఎంత సిగ్గుపడాలో ఆ రెండు నిమిషాల్లో చూసినంతగా నేనెక్కడా చూడలేదు. అత్తయ్య అప్పుడు కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

ఒక లోపం, లేదా లోపంలా కనిపించేది, చెప్పుకోవాలి. ఇది అగ్రకుల కుటుంబం కథ. నాయికకి నెలసరి వచ్చినప్పుడు ఆమెని వంటింట్లోకి రానివ్వరు. వేరే ఆమెని పనికి పిలుస్తారు. ఆ వచ్చినామె పాడుకుంటూ పనిచేస్తూ, తనకి నెలసరి వచ్చినా ఎవరికీ చెప్పననీ, చెప్తే ఇల్లు గడవదనీ చెప్తుంది. అంటు కూడా కొందరికి భరించగలిగే ఖర్చేనన్నమాట. ఆ స్త్రీ వెంట కెమెరా ఆమె ఇంటికి వెళ్తే బాగుండుననిపించింది. వెళ్ళలేదు. మన సంస్థలు మాత్రం ఏమాత్రం వెళ్ళాయి? ఇంటిపని కార్మికుల మీద సదస్సు పెట్టుకుని, ఆ రోజు మన ఇళ్ళల్లో అంట్లు తోమే ఆమెకి సెలవిచ్చినవాళ్ళం ఎంతమందిమి?

‘థప్పడ్’ (2020) చాలామంది చూసే ఉంటారు. లాక్‌డౌన్‌కి నెలరోజుల ముందు థియేటర్లలోకి వచ్చి, చివరికి ఎక్కువమంది ఇళ్ళల్లోనే చూసిన సినిమా. ఇంట్లో విందు జరుగుతుండగా అందరి ముందూ భర్త భార్యని ఒక చెంపదెబ్బ కొడతాడు. ఒకే ఒక్క దెబ్బ. ఆమె విడాకులడుగుతుంది. "ఒక్క దెబ్బేగా" అని అందరూ అంటారు.

మా మహిళా బృందంలో ఈ సినిమా గురించి మాట్లాడుకున్నప్పుడు, ఒక బస్తీ కార్యకర్త నవ్వేసి, "అక్కా, మా దగ్గర ఒక్క దెబ్బకి ఎవరూ రారు. పదేళ్ళ దెబ్బలు మూటగట్టుకుని వస్తారు" అంది. ఆమె మాట ఎంత నిజమో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తుంది. చెప్పకుండా బయటికెళ్ళడం, వంట సరిగ్గా చేయకపోవడం, అత్తమామల్ని గౌరవించకపోవడం వంటి ఏడు కారణాలిచ్చి అడిగితే, వాటిలో ఏ ఒక్కదానికైనా భర్త భార్యని కొట్టడం సబబే అన్న స్త్రీలు తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు 84 శాతం. దేశంలోనే ఎక్కువ. సారా వ్యతిరేక ఉద్యమం పుట్టిన నేల మీద, ఇన్ని సంఘాలు, ఇన్ని పొదుపు గ్రూపులు ఉన్న చోట ఈ అంకె వచ్చింది. చదివినప్పుడు రెండు రోజులు నాకు పని మీద మనసు నిలవలేదు. కొట్టడం తప్పని చట్టం చెప్పింది, మనం పోస్టర్లేశాం, అయినా అడిగిన ప్రతి అయిదుగురిలో నలుగురు "కొట్టొచ్చు" అన్నారు. అందుకని ‘థప్పడ్’ పై తరగతి సినిమా అని పక్కన పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఒక్క దెబ్బ కూడా తప్పే అని రెండుగంటలపైన కదలకుండా చెప్పడం మనక్కూడా అవసరమే.

ఒక విషయంలో మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. అమృత భర్త నుంచి డబ్బేమీ అడగదు. దాన్ని గొప్ప ఆత్మాభిమానంగా చూపిస్తారు. ఆమె తండ్రి అండగా ఉన్నాడు, పుట్టింట్లో గది ఉంది, చదువుంది. మన దగ్గరికొచ్చే స్త్రీలు భరణం కోసం కోర్టు మెట్లెక్కుతుంటే "డబ్బుకోసమే ఇదంతా" అని వినని రోజు లేదు. భరణం దానం కాదు. ఏళ్ళతరబడి చేసిన చాకిరీలో పిసరంత తిరిగి రావడం. సినిమాలో చప్పట్లు కొట్టించుకున్న ఆ నిరాకరణ, కోర్టు వరండాలో నిలబడ్డ పేద స్త్రీకి మరో ఈటెపోటు అవుతుందేమోనని నా భయం.

అదే సినిమాలో భర్త కాపురానికి రమ్మని లాయరు నోటీసు పంపిస్తాడు. హిందూ వివాహ చట్టం తొమ్మిదో సెక్షన్. మన కొత్త తరం కార్యకర్తలకి ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఒక సినిమా నటి కేసులోనే, టి. సరిత కేసు అంటారు, జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఇష్టంలేని స్త్రీని కాపురానికి తోలడం ఆమె శరీరం మీద ఆమె హక్కుని హరించడమేనన్నది ఆ తీర్పు సారం. మరుసటేడే సుప్రీంకోర్టు వేరే కేసులో దానితో విభేదించి, సెక్షన్ని నిలబెట్టింది. ఆ సెక్షన్ ఇంకా చట్టంలోనే ఉంది. తెలుగునాట ఒక నటి జీవితంలోంచి వచ్చిన ఆ తీర్పు మీద ఒక్క తెలుగు సినిమా వచ్చి ఉంటే ఎంత బాగుండేది!

‘లాపతా లేడీస్’ (2024) గురించి క్లుప్తంగా. కిరణ్ రావ్ తీసింది. రైల్లో ముసుగుల వల్ల ఇద్దరు కొత్త పెళ్ళికూతుళ్ళు తారుమారవుతారు. హాయిగా నవ్వుకున్నాను. స్టేషన్లో టీకొట్టు నడిపే మంజూమాయి ఒక్కతే బతకడం గురించి చెప్పే మాటల్ని ఏ శిక్షణా తరగతిలోనైనా చూపించొచ్చు. చివర్లో ఇన్‌స్పెక్టరు ఆ అమ్మాయిని దర్జాగా వదిలేసే ఘట్టంలో మాత్రం, రోజూ పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగే మా మిత్రురాళ్ళు తెగ నవ్వారు. దర్శకురాలు నవ్వించాలనుకున్న చోటు అది కాదు.

ఇక మన తెలుగు. 2017లో ‘అర్జున్ రెడ్డి’ వచ్చినప్పుడు మన కాలేజీ పిల్లలు వెర్రెత్తిపోయారు. తనతో మాటైనా కలపని అమ్మాయిని "ఇది నాది" అన్నట్టు కాలేజీ మొత్తానికి చాటేస్తాడు హీరో. ఆ పిల్ల నోట్లోంచి మాట రావడానికే చాలాసేపు పడుతుంది. ఎనిమిదేళ్ళ తర్వాత, 2025 నవంబరులో, రాహుల్ రవీంద్రన్ తీసిన ‘ది గర్ల్‌ఫ్రెండ్’ వచ్చింది. అదే కాలేజీ, అదే ప్రేమ, కానీ ఈసారి కథ అమ్మాయి లోపలి నుంచి నడుస్తుంది. ప్రేమికుడి తల్లిని చూసిన క్షణంలో ఆ అమ్మాయికి తన ముందు జీవితమంతా కనిపిస్తుంది. ఆ తల్లి పాత్రలో రోహిణి మాటల్లేకుండానే వణుకు పుట్టించింది. సినిమాలో ఉపన్యాసం పాలు కొంచెం ఎక్కువే. అయినా పదిహేడేళ్ళ మేనకోడలు నా పక్కన కూర్చుని, "పిన్నీ, మా క్లాసులో ఇలాంటివాడున్నాడు" అని మెల్లిగా అంది. ఆ తర్వాత మేం గంటసేపు మాట్లాడుకున్నాం. ఆ గంట కోసం ఆ ఉపన్యాసాన్ని క్షమించేశాను.

ఒకప్పుడు మనం అశ్లీల పోస్టర్ల మీద తారు పూసేందుకు రోడ్లెక్కేవాళ్ళం. ఇప్పుడు పోస్టరు జేబులో ఫోన్లో ఉంది. తారు పట్టుకుని ఎక్కడికెళ్తాం? మంచి సినిమా అయినా, చెడ్డ సినిమా అయినా ఎవరి ఫోన్లో, ఎవరి రిమోట్‌తో, ఎవరు చూస్తున్నారన్న ప్రశ్న ఉంది. 2019-21 సర్వే ప్రకారమే, తాము స్వయంగా వాడుకునే సొంత ఫోను ఉన్న స్త్రీలు దేశంలో 54 శాతం మాత్రమే. నేను పైన రాసిన సినిమాలన్నీ ఎవరి గురించో, వాళ్ళలో చాలామందికి వాటిని చూసే దారి లేదు. అందుకే మా కేంద్రంలో నెలకో శనివారం మధ్యాహ్నం ప్రొజెక్టరు పెట్టి సినిమా చూపించాలని అనుకున్నాం. మొదటిసారి పెట్టినప్పుడు పదకొండుమంది వచ్చారు. సగం అయ్యేసరికి నలుగురు లేచారు, పిల్లలు స్కూలునుంచి వచ్చే వేళైందని. ఇకమీదట పిల్లల్ని కూడా తెచ్చుకోమని, పిల్లల్ని చూసుకోవడానికి ఇద్దరు మగ కార్యకర్తల్ని పెట్టాలని నిర్ణయించాం. ఆ ఇద్దరు ఇంకా దొరకాల్సి ఉంది.

మా అత్తయ్య సంగతి చెప్పి ముగిస్తాను. ‘గ్రేట్ ఇండియన్ కిచెన్’లో వంటింటి సింకు కారుతూ ఉంటుంది. ప్లంబర్ని పిలవమని ఆమె ఎన్నిసార్లు చెప్పినా భర్త మర్చిపోతూనే ఉంటాడు. చివరికి ఆ మురికినీళ్ళే వాళ్ళ మీద గుమ్మరించి ఆమె ఇల్లు వదిలి వెళ్తుంది. తర్వాత అతను ఇంకో పెళ్ళి చేసుకుంటాడు. సినిమా అయిపోయాక అత్తయ్య చాలాసేపు ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న నేను కాఫీ కలుపుతుంటే వెనకనుంచి వచ్చి నిలబడింది.

"మీ మామయ్యగారిక్కూడా కుక్కర్ అన్నం పడేది కాదు తెలుసా" అంది. తెలుసు అత్తయ్యా, అన్నాను. కొంచెం ఆగి మళ్ళీ అడిగింది:

"ఆ రెండో పిల్ల వచ్చాకైనా సింకు బాగుచేయించారంటావా?"