లైనక్స్‌లో సౌండ్ రావట్లేదా? ఓఎస్ మార్చే ముందు ఇవి చూడండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ రెగ్యులర్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత డెస్క్‌టాప్‌ని పారేయడం ఎందుకని నా ఫ్రెండ్స్‌లో కొందరు ఉబుంటూ, లైనక్స్ మింట్ వేసుకున్నారు. ఇన్‌స్టాలేషన్ సాఫీగా అవుతుంది, నెట్ వస్తుంది, యూట్యూబ్‌లో వీడియో ప్లే అవుతుంది. సౌండ్ మాత్రం రాదు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి ముందు ఇలా జరిగితే ఎవరికైనా ఓపిక పోతుంది. "లైనక్స్ అంటే ఇంతే" అని వెనక్కి వెళ్లిపోతారు.

నా దృష్టిలో ఆ తీర్పు సగమే కరెక్ట్. డెస్క్‌టాప్‌లలో నేను చూసిన ఇలాంటి కేసుల్లో ఎక్కువ వాటికి డ్రైవర్‌తో సంబంధమే లేదు. సౌండ్ వస్తూనే ఉంది, కాకపోతే మనకి వినపడని చోటికి పోతోంది. ఆ సంగతి యూజర్‌కి అర్థమయ్యేలా చెప్పకపోవడం మాత్రం లైనక్స్ డెస్క్‌టాప్‌ల లోపమే.

సౌండ్ ఎటు పోతోంది?

హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ కేబుల్స్‌లో వీడియోతో పాటు ఆడియో కూడా వెళ్తుంది. అందుకే సిస్టమ్ మానిటర్‌ని కూడా ఒక ఆడియో డివైస్‌గా లెక్కేస్తుంది. ఒక్కోసారి అదే డిఫాల్ట్ అయి కూర్చుంటుంది. మీ స్పీకర్లేమో వెనక ఆకుపచ్చ జాక్‌లో ఉంటాయి. సెట్టింగ్స్‌లో సౌండ్‌కి వెళ్లి, అవుట్‌పుట్ దగ్గర హెచ్‌డీఎంఐ తీసేసి అనలాగ్ లేదా లైన్ అవుట్ పెట్టండి. ఆ పేరే కనిపించకపోతే పావుకంట్రోల్ అనే చిన్న యాప్ వేసుకుని, కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో మదర్‌బోర్డ్ సౌండ్ కార్డ్ 'ఆఫ్'లో ఉందేమో చూడండి.

అక్కడ అంతా బాగుంటే ఇంకో మెట్టు కిందికి దిగాలి. లైనక్స్‌లో సౌండ్‌కి అంతస్తులు ఉంటాయి. కింద హార్డ్‌వేర్‌తో మాట్లాడేది అల్సా, పైన యాప్స్ అన్నింటి సౌండ్‌ని కలిపి పంపేది పైప్‌వైర్. పైన వాల్యూమ్ ఫుల్‌గా కనిపిస్తున్నా కింద మ్యూట్ అయి ఉండొచ్చు. టెర్మినల్‌లో అల్సామిక్సర్ ఓపెన్ చేసి, ఎఫ్6 నొక్కి అసలు కార్డ్ సెలెక్ట్ చేయండి. ఏ గీత కింద 'ఎంఎం' అని ఉందో అది మ్యూట్‌లో ఉన్నట్టు. దాని మీదకి వెళ్లి ఎం కీ నొక్కితే చాలు. ఆటో మ్యూట్ ఆన్‌లో ఉండి, ముందు జాక్‌లో హెడ్‌ఫోన్ పెట్టి ఉన్నా వెనక స్పీకర్లు మూగబోతాయి.

ఆ లిస్టులో మదర్‌బోర్డ్ కార్డే లేకపోతే, బయోస్‌లో ఆన్‌బోర్డ్ ఆడియో డిసేబుల్ అయిందేమో చూసి, అప్పుడు డ్రైవర్‌ని అనుమానించండి. అంత టైమ్ లేదా? యూఎస్‌బీ హెడ్‌సెట్ పెట్టండి. దానికి సొంత సౌండ్ చిప్ ఉంటుంది కాబట్టి ఇంటర్వ్యూ గడిచిపోతుంది.

పాత చిట్కాలతో జాగ్రత్త

నెట్‌లో వెతికితే ముందుగా దొరికేవి పల్స్ఆడియో కాలం నాటి జవాబులు. ఉబుంటూలో అది 2008 నుంచి ఉంది. కానీ ఫెడోరా 2021లో, ఉబుంటూ 2022లో వచ్చిన 22.10తో, మింట్ 2024లో వచ్చిన 22తో పైప్‌వైర్‌కి మారిపోయాయి. ఇప్పుడు "పల్స్ఆడియో మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి" అన్న కమాండ్ కాపీ పేస్ట్ చేస్తే, రెండు ప్రోగ్రామ్‌లు ఒకే పని కోసం పోటీపడి ఉన్న సమస్య రెండింతలవుతుంది. ఏ జవాబైనా తేదీ చూశాకే వాడండి. అర్థం కాని కమాండ్‌కి సుడో తగిలించకండి.

అడగాల్సిన ప్రశ్న ఒక్కటే

గ్నోమ్ 43 నుంచి పైన ఉండే వాల్యూమ్ పక్కనే అవుట్‌పుట్ మార్చుకునే వీలు ఇచ్చారు. మంచి మార్పే. కానీ అక్కడ చూడాలని తెలిసినవాళ్లకే అది ఉపయోగం. కొత్తగా వచ్చినవాళ్లకి ఇన్‌స్టాలర్ భాష అడుగుతుంది, టైమ్‌జోన్ అడుగుతుంది, కీబోర్డ్ అడుగుతుంది. ఒక చిన్న శబ్దం ప్లే చేసి "వినపడిందా?" అని ఎందుకు అడగదు? లేదంటే తర్వాతి డివైస్‌లో ట్రై చేయొచ్చు కదా!

అది వచ్చేదాకా ఆ పని మనమే చేసుకోవాలి. ఇన్‌స్టాల్ చేయకముందే లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, స్పీకర్లు కనెక్ట్ చేసి, సౌండ్ సెట్టింగ్స్‌లో టెస్ట్ బటన్ నొక్కండి. అక్కడ వినపడితే మీ హార్డ్‌వేర్‌కి ఢోకా లేదు. తర్వాత ఎప్పుడు సౌండ్ పోయినా, మళ్లీ ఇన్‌స్టాల్ చేసే ముందు అవుట్‌పుట్ లిస్టు చూడండి.