ఉప్పు కాలువలో మళ్లీ పడవ నడవాలి

పెదగంజాం నుంచి తడ దాకా కాలువ గట్టు ఊళ్లవారికి విజ్ఞప్తి



సముద్రం పక్కపక్కనే సాగే మన బకింగ్‌హామ్ కాలువలో ఒకప్పుడు ఉప్పు, బియ్యం, సరుగుడు కట్టెలు చెన్నపట్నం వెళ్లేవంటే ఇవాళ్టి పిల్లలు నమ్మరు. 1806లో చెన్నపట్నం, ఎన్నూరుల మధ్య మొదలైన తవ్వకం అంచెలంచెలుగా 420 కిలోమీటర్లకు సాగింది. అందులో సుమారు 257 కిలోమీటర్లు మన రాష్ట్రంలోవే. చెన్నపట్నంలో కొంత భాగాన్ని ధాత కరువునాడు కూలి కోసం వచ్చిన జనమే తవ్వారు. తర్వాత రైళ్లు, లారీలు పడవల బేరాన్ని లాక్కున్నాయి. తుపానులు గట్లు తెంపాయి. మిగతాది పూడిక చూసుకుంది.

2008లో దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. అప్పటినుంచీ సరుకు ఓడల ఊసే. పక్కనే రైలు, హైవే ఉండగా ఆ సరుకు కాలువలోకి దిగుతుందని మాకు నమ్మకం లేదు. మేమడిగేది చిన్న పని: నాటుపడవ తేలేటంత నీరు, మనిషి నడిచేటంత గట్టు.

ఇది ఆటుపోట్లకు కదిలే ఉప్పునీటి కాలువ. సముద్రపు ముఖద్వారాల్లో పూడిక తీస్తే పోటునీటితోపాటు చేపపిల్లలు, పీతలు లోపలికొస్తాయి, వాటి వెనకే పక్షులు. నేలపట్టులో గూళ్లు కట్టే గూడబాతులు మేతకు పులికాట్ దాకా పోతాయి. పక్షులను చూడటానికి సూళ్లూరుపేటలో జరిగే పక్షుల పండగకు జనం వస్తారు, పండగ అయిపోగానే వెళ్లిపోతారు. పడవ షికారుంటే శీతాకాలమంతా వస్తారు, మన పడవవాళ్లకు కూలి దొరుకుతుంది. 2004 సునామీనాడు చాలాచోట్ల అలల ఉరవడిని తగ్గించింది ఈ కాలువేనన్న సంగతీ మరవొద్దు.

సుందరీకరణ పేరుతో సిమెంటు గోడలు, రంగుదీపాలు మాత్రం వద్దు. బురదగట్టు లేనిచోట కొంగకు మేత ఉండదు, మడచెట్టు మొలవదు.

రొయ్యల రైతులూ మనవాళ్లే. కానీ ఒకరు చెరువు నీటిని శుద్ధి చేయకుండా కాలువలోకి వదిలితే పక్కవాడు తోడుకునేది ఆ నీళ్లే. తెగులూ వాటితోనే వస్తుంది. కాలువ శుభ్రపడితే ముందు బాగుపడేది వాళ్ల చెరువులే.

వచ్చే గ్రామసభలో తీర్మానం చేయండి. మీ ఊరి మేర కాలువ హద్దులు సర్వే చేసి రాళ్లు పాతమనండి, తీర్మానం నకలు కలెక్టరుకూ జలవనరుల శాఖకూ పంపండి. పాత లాకులు, పడవ లాగిన బాట ఎక్కడున్నాయో పెద్దవాళ్లకు తెలుసు. సర్వే నాడు వాళ్లను వెంట తీసుకెళ్లండి.