గురుపీఠమునకు మెట్లు

భవనములను, పరికరములను అందరికిని అనువుగా రూపొందించుట ఒక విద్య యని నేడు ఎల్లరును అంగీకరింతురు. ఆ విద్యను ఎవరు నేర్పవలెనన్న ప్రశ్న వచ్చునప్పటికి మాత్రము పండితులు మౌనము వహింతురు. కన్నులున్నవారు అంధత్వమును గూర్చి, నడువగలవారు చక్రాల కుర్చీని గూర్చి ఉపన్యసింతురు. విద్యార్థులు ఒక గంటసేపు కన్నులకు గంతలు కట్టుకొని తడుముకొందురు, పాఠము ముగియును. ఆ గంటలో వారికి తెలిసినది చీకటివలన కలుగు భయము మాత్రమే. చేతికఱ్ఱతో, చెవితో, పాదస్పర్శతో ఒక అంధుడు ఏండ్ల తరబడి సాధించిన నేర్పు వారికి తెలియలేదు. గంతలు నేర్పునది జాలి. రూపకల్పనకు కావలసినది జ్ఞానము.

ఆ జ్ఞానము ఎవరియొద్ద నుండునో చరిత్ర ఏనాడో తెలిపినది. పందొమ్మిదవ శతాబ్దారంభమున ఫ్రాన్సులో షార్ల్ బార్బియే అను చూపుగల సైనికాధికారి ఉబ్బెత్తు చుక్కల లిపిని కల్పించెను. ఉద్దేశము మంచిదే. కాని గడికి పండ్రెండు చుక్కలు. వ్రేలికొన ఒక్క స్పర్శలో వాని నందుకొనజాలదు. పైగా అది ధ్వనులకు గుర్తు, అక్షరములకు కాదు. పారిస్ అంధ పాఠశాలలో చదువుచుండిన లూయీ బ్రెయిలీ 1824 నాటికి, తన 15వ ఏట, ఆ పండ్రెండును ఆరు చేసెను. కంటికి కనబడని లోపము వ్రేలికి అందినది. 1951లో తెలుగుతో సహా మన భాషలకు ఏర్పడిన భారతీ బ్రెయిలీ ఆ ఆరు చుక్కలపైననే నిలిచియున్నది.

నియమావళి చదివిన చాలదా యని కొందరు వాదింతురు. కొలతలు అవసరమే. అడుగు ఎత్తునకు 12 అడుగుల వాలుదారి యని విద్యార్థి కంఠస్థము చేయవచ్చును. కాని ఆ దారి పెరటి గుమ్మమునకు చేర్చినచో, కొలత సరిపోయినను అది అవమానమేనని ఏ పట్టిక చెప్పును? ఆ గుమ్మమున ప్రతిదినము ప్రవేశించువాడే చెప్పవలెను.

ఇంజనీర్ల, వాస్తుశిల్పుల చదువులలో వైకల్యమును పాఠ్యాంశముగా చేర్చవలెనని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము విధించినది. పాఠము చేరినంతమాత్రమున గురువు చేరడు. 2024లో సుప్రీంకోర్టు, హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు నివేదికను పరిశీలించి, సౌలభ్య నియమములను తప్పనిసరి చేయవలెననియు, వికలాంగులను నిరంతరము సంప్రదింపవలెననియు ఆదేశించినది. నియమములు వ్రాయుటకు కావలసిన సలహా తరగతిగదికి అక్కరలేదా?

2011 జనగణన ప్రకారము ఈ దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. గురువులకు కొఱత లేదు, పిలుచువారికే కొఱత. వారిని సంవత్సరాంతమున పిలిచి శాలువ కప్పి పంపుట సహకారము కాదు. నమూనా గీయుటకు ముందే వారు రావలెను, వేతనము పొందవలెను, మార్కులు వేయు అధికారము, కూడదను అధికారము వారికి ఉండవలెను. అట్టి గురువు వచ్చిననాడు మన తరగతిగదులలోని వేదికలకు మెట్లు తప్ప వేరు దారి లేదని కళాశాల గమనించును. ఆ దారి వేయుటయే మొదటి పాఠము కాదగును.