నాణ్యతకు పూచీ పై అధికారిదే

బందరులో 1926లో అయ్యగారి రామమూర్తి నెలకొల్పిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ చేతికి వచ్చింది. ఆ కర్మాగారం సైన్యానికి రాత్రిపూట చూపునిచ్చే పరికరాలు అందిస్తోంది. చల్లపల్లి చుట్టుపక్కల చదువుకున్న యువత ఉద్యోగాశతో చూసే సంస్థల్లో అదొకటి. అందువల్ల రక్షణ ఉత్పత్తుల నాణ్యత ఢిల్లీ వారికే పరిమితమైన చర్చ కాదు, మనదీ. ఆ నాణ్యత నిలిచేది గోడకు తగిలించిన ధ్రువపత్రంతో కాదు, మేనేజర్ కుర్చీలో కూర్చున్న వ్యక్తి వైఖరితో.

మన దేశానుభవమే ఇందుకు సాక్ష్యం. ఆయుధ కర్మాగారాల్లో నాణ్యతా విభాగాలు ఉన్నాయి, వాటికి పైన రక్షణ శాఖ తనిఖీ యంత్రాంగమూ ఉంది. అయినా మందుగుండు నాణ్యత 2013 నుంచి చెప్పుకోదగ్గంత మెరుగుపడలేదని 2017లో కాగ్ తప్పుపట్టింది. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దు చేసి ఏడు కంపెనీలు ఏర్పాటు చేశారు. మెదక్ జిల్లా పేరుతో ఎద్దుమైలారంలో నడిచిన కర్మాగారమూ అలా కంపెనీ నీడకు చేరింది. బోర్డు మారినంత మాత్రాన బుద్ధి మారదు. నెలాఖరు ఉత్పత్తి లెక్కే అధికారి ప్రతిభకు కొలమానమైతే, లోపం ఎత్తిచూపిన కార్మికుడు ఆయన కంటికి పని ఆపేవాడిగానే కనబడతాడు. లోపాల్లో అత్యధికం కార్మికుడివి కావనీ, యాజమాన్యం నడిపే వ్యవస్థవేననీ నాణ్యతా నిపుణుడు డెమింగ్ దశాబ్దాల క్రితమే తేల్చిచెప్పాడు.

ఆజ్ఞాపాలనే ప్రాణమైన చోట కిందివారి ప్రశ్నలకు తావెక్కడిదని కొందరి అభ్యంతరం. దీనికి జవాబు అమెరికా అనుభవంలో ఉంది. 1963 ఏప్రిల్‌లో అమెరికా జలాంతర్గామి థ్రెషర్ 129 మందితో మునిగిపోయాక, ఆ దేశ నౌకాదళం సబ్‌సేఫ్ అనే కార్యక్రమం తెచ్చింది. గడువుకు జవాబుదారీ అయిన అధికారికి సాంకేతిక ప్రమాణాన్ని సడలించే హక్కు తీసేసింది. నీటి ఒత్తిడిని తట్టుకోవాల్సిన కీలక భాగాలు సరిగా ఉన్నాయనడానికి రుజువు కాగితం మీద ఉండాలంది. ఆ ధ్రువీకరణ పొందిన జలాంతర్గామి ఒక్కటీ ఇంతవరకు మునగలేదు. అక్కడ సైనిక క్రమశిక్షణే నాణ్యతకు కాపు కాసింది. సరిహద్దు అవసరాలు ఆగవన్నది మరో వాదన. పేలని గుండు సమయానికి చేరినా సైనికుడికి ఒరిగేదేమిటి? ఇలాంటి నాణ్యతా పథకాలు ఎన్ని రాలేదు, పోలేదు అనే మేనేజర్ల నిట్టూర్పులో మాత్రం నిజముంది. పై అధికారి బదిలీ కాగానే పథకం అటకెక్కడం వారు చూసిందే. తప్పు పథకానిది కాదు, దాన్ని కిందివారికి అప్పగించి చేతులు దులుపుకున్న పెద్దలది. మన దగ్గరే చూడండి: 2014 నవంబరులో మొదలైన స్వచ్ఛ చల్లపల్లి పారిశుద్ధ్య ఉద్యమం ఇన్నేళ్లు నిలిచిందంటే, పిలుపునిచ్చిన డాక్టర్ దంపతులే తెల్లవారుజామున వీధిలోకి వచ్చి చీపురు పట్టారు గనుక.

రక్షణ శాఖ మూడు పనులు చేయాలి. నాణ్యతాధికారిని ఉత్పత్తి అధిపతి అదుపు నుంచి తప్పించాలి. లోపాన్ని బయటపెట్టిన ఉద్యోగికి రక్షణ, దాన్ని సరిదిద్దిన మేనేజర్‌కు పదోన్నతిలో గుర్తింపు ఇవ్వాలి. బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా తన హయాంలో వెళ్లిన సరుకుకు అధికారి జవాబు చెప్పేలా నిబంధన తేవాలి. తాను సంతకం చేసిన సరుకుకు పూచీ పడని అధికారికి ఆ కుర్చీలో కూర్చునే అర్హత లేదు.