“రేపు రండి” అనే మాట

ముప్పై ఏళ్ళకు పైబడిన ప్రభుత్వ వైద్య సేవలో, నా గది బయట బల్లపై వేచి ఉన్న మెడికల్ రెప్‌లను నేను లెక్కలేనన్ని సార్లు తిప్పి పంపాను. రోగుల వరుస పెద్దది; అందులో తప్పు లేదు. కాని తల ఎత్తకుండానే “రేపు రండి” అనడానికి తొందర కారణం కాదు, అది కేవలం నా అలవాటు. ఆ మాట విన్న మనిషికి ఏమవుతుందో నేను ఆలోచించినది పదవీ విరమణ తరువాతనే.

2003లో అమెరికాలో నవోమీ ఐసెన్‌బర్గర్ బృందం ఒక ప్రయోగం చేసింది. కంప్యూటర్‌పై బంతి విసురుకునే ఆటలో ఒకరికి బంతి అందకుండా చేసి, వారి మెదడును స్కాన్ తీసింది. దెబ్బ తగిలినప్పుడు కలిగే బాధతో సంబంధమున్న భాగమే అక్కడా చురుకుగా కనిపించింది. కనుక “మనసుకు పట్టించుకోకు” అని సలహా ఇచ్చే మేనేజర్లు, కాలు బెణికినవాడితో “నొప్పి పట్టించుకోకు” అంటున్నారని గ్రహించాలి.

అయితే ఆ బాధకు మీరు చెప్పుకునే అర్థం మీ చేతిలోనే ఉంది. మార్టిన్ సెలిగ్మన్ 1980వ దశకంలో జీవిత బీమా ఏజెంట్లను పరిశీలించారు. “నేను దేనికీ పనికిరాను” అనుకున్నవారికంటే, “ఈయనకు ఈ రోజు అవసరం లేదు” అనుకున్నవారు ఎక్కువ పాలసీలు అమ్మారు, ఉద్యోగంలో ఎక్కువకాలం నిలిచారు.

ఇలాంటి ఒక రెప్ కడుపులో మంటతో నా దగ్గరకు రోగిగా వచ్చారు. మధ్యాహ్న భోజనం లేదు. క్లినిక్‌ల ముందు టీ, సిగరెట్. రాత్రి పదింటికి ఇల్లు. రక్తపోటు కూడా ఎక్కువగానే ఉంది. నేను ఇచ్చిన మాత్రలకంటే ఆయన స్వయంగా మొదలుపెట్టిన అలవాటే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం. డైరీలో అమ్మకాల లెక్క మాని, ఆ రోజు తట్టిన తలుపుల లెక్క రాయసాగారు. ఆర్డరు ఎదుటివారి చేతిలో ఉంటుంది, తలుపు తట్టడం మన చేతిలో ఉంటుంది కదా! రెండింటికి, వాన వచ్చినా ఎండ కాసినా, డబ్బా విప్పి అన్నం తినడం మాత్రం నా షరతు.

ఇక్కడ ఒక హెచ్చరిక. సాయంత్రం దిగులుపడి ఉదయానికి తేరుకోవడం ఉద్యోగంలో సహజం. రెండు వారాలపాటు దాదాపు ప్రతిరోజూ దిగులు, నిద్రలేమి, ఇష్టమైన పనులపై కూడా విముఖత ఉంటే అది ఉత్సాహలోపం కాదు, డిప్రెషన్ కావచ్చు. అప్పుడు ప్రేరణాత్మక ప్రసంగాలు వినకండి, వైద్యుని చూడండి. టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

నెలవారీ సమావేశంలో టార్గెట్ చేరనివారిని అందరి ముందు నిలబెట్టే కంపెనీల గురించి నాకు మర్యాదైన మాటలు దొరకడం లేదు. 1976లో పార్లమెంటు ఈ ఉద్యోగుల కోసమే ప్రత్యేక చట్టం చేసి, వైద్య ధ్రువపత్రంపై సెలవు కూడా కల్పించింది. ఆ సెలవు అడగడానికి సిగ్గుపడినవారినే నేను ఎక్కువగా చూశాను.

ఆ రెప్ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. నిన్న పదకొండు తలుపులట. తొమ్మిది తెరుచుకోలేదట. అన్నం మాత్రం రెండింటికే తిన్నారట.